కట్ట లేనిది చెరువెట్లా అవుతుంది?

"చెన్నైలో మేముండే చుట్టుపక్కల చెరువులు, చిత్తడి నేలలు, కాలువలు అన్నీ రకాలవారీగా విడదీసి రాయాలి, ఎలా చేయాలి?" అని అడిగారు. నాకు అనుభవమైన విషయమే. మా పాప ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఇదే ప్రాజెక్టు ఇచ్చారు. ప్రాజెక్టు పాపకే ఇచ్చినా చార్టు కొనడం, కలర్ ప్రింటౌట్లు తీయడం, అంటించడం అన్నీ నావే. ఈ చార్టుల పిచ్చి స్కూళ్లకు ఎప్పుడు వదులుతుందో.

ముందుగా ఒక పని చేయండి. లేక్ అనే మాట పక్కన పెట్టేయండి. పోరూరు లేక్, చెంబరంబాక్కం లేక్, పళ్లికరణై లేక్, అన్నిటికీ అదే మాట. ఆఖరికి అపార్ట్‌మెంట్ వెనక మురుగుగుంట ఉన్నా బ్రోచర్లో లేక్ వ్యూనే. తమిళంలో ఏరి వేరు, కుళం వేరు, కుట్టై వేరు, మడువు వేరు. మనకూ చెరువు, కోనేరు, కుంట, మడుగు ఉన్నాయి. ఇంగ్లిష్‌లోకి పోగానే అన్నీ ఒకే సంచిలో పడ్డాయి.

ఈ సంగతి నాకు నేనుగా తెలుసుకున్నది కాదు. మా నాయన నాయుడుపేట దగ్గర చెరువుల మీద లస్కరుగా, అంటే కట్టలు, తూములు కాపలా కాసే ఉద్యోగిగా చేసి రిటైరయ్యాడు. ఆ జనవరిలో పండగ తర్వాత మా దగ్గరికొస్తే, పాపనూ ఆయన్నూ బండి మీద ఎక్కించుకుని పళ్లికరణై చూపించడానికి తీసుకెళ్లాను. (ముగ్గురం, ఒకే హెల్మెట్. పోలీసులు ఆపలేదు.) రేడియల్ రోడ్డు పక్కన నిలబడితే రెండు వైపులా జమ్ము, మధ్యలో నీళ్లు, నీళ్లలో గూడబాతులు, దూరంగా పెరుంగుడి చెత్త దిబ్బ మీద గద్దలు. పాప ఫోన్లో ఫొటోలు తీసి "మార్ష్ లేక్" అని రాసుకుంటోంది.

నాయన కాసేపు అటూ ఇటూ చూసి, "కట్ట యాడరా దీనికి?" అన్నాడు.

లేదన్నాను.

"తూము?"

అదీ లేదు.

"మరి చెరువంటావేంది? మనిషి కట్ట పోసి, తూము పెట్టి, మిగులు నీళ్లు పోను కలుజు కట్టి, కింద ఆయకట్టుకు నీళ్లిస్తే అది చెరువు. ఇది నీళ్లు వాటికవి వచ్చి నిలబడిన పల్లం."

తర్వాత చదివితే తెలిసింది, ఇక్కడివాళ్లు కూడా పళ్లికరణైని పూర్వం ఏరి అనలేదు, కళువెళి అన్నారు. పైనున్న కీళ్‌కట్టళై, నారాయణపురం లాంటి ఏరిలు నిండితే ఆ మిగులు నీళ్లు పారి వచ్చి పరుచుకునే చోటు. 2022లో దీన్ని రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చినప్పుడు కూడా చిత్తడి నేలగానే చేర్చారు, 1,200 హెక్టార్ల పైచిలుకు. లస్కరు ఒక్క చూపులో చెప్పిన మాటే.

నాయన అక్కడితో ఆగలేదు. "నీళ్లు వచ్చే దారి సరే, పోయే దారేది?" అన్నాడు. సరేనని ఒక్కియం మడువు వంతెన దగ్గరికి తీసుకెళ్లాను. చిత్తడి నేలలోని నీళ్లు ఆ మడువు గుండా బకింగ్‌హామ్ కాలువలో పడి, దక్షిణంగా పోయి కోవళం దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఇది విని ఆయన ముఖం వెలిగింది. "అయితే ఇదే దీని కలుజు!" అని, చేతిలో ఉన్న వేరుశనక్కాయల పొట్లం కాగితం ఉండచుట్టి నీళ్లలో వేశాడు, పారుడు ఎంతుందో చూద్దామని. పాప "తాతా, లిట్టరింగ్!" అని అరిచింది. కాగితం కదల్లేదు. గుర్రపు డెక్కకు ఆనుకుని అట్లాగే ఉంది. పది నిమిషాలు నిలబడ్డాం, వెనక బస్సులు హారన్లు కొడుతుంటే. "కలుజు పూడిపోయిందిరా అబ్బయా" అని మాత్రం అన్నాడు.

2015 డిసెంబరు 1న వేళచ్చేరిలో మా గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లెందుకు వచ్చాయో నాకు ఆ వంతెన మీదే అర్థమైంది. ఊరంతా చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తడం గురించే మాట్లాడింది. అవి అడయారు నదిలోకి పోయే నీళ్లు. మా వీధికి వచ్చినవి మాత్రం ఈ పల్లంలోకి పోలేక వెనక్కి తన్నిన నీళ్లేనని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా ఒప్పుకోను. హాల్లో సోఫా కింద కొరమీను దొరికింది మరి.

ఇక మీ ప్రాజెక్టు సంగతి. పుస్తకాల్లో చాలా పద్ధతులున్నాయి. రామ్‌సార్ వాళ్లది 42 రకాలు: సముద్ర తీరానివి, లోతట్టువి, మనిషి చేసినవి అని మూడు గుంపులు. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం శాటిలైట్ చిత్రాలతో చేసిన అట్లాసులో 19 రకాలు. 2.25 హెక్టార్ల కన్నా చిన్నవైతే అందులో చుక్కలే. మన కుంటలన్నీ ఆ చుక్కల్లోనే ఉంటాయి.

అన్నిటికంటే విచిత్రం ఏంటంటే, రామ్‌సార్ లెక్కలో వరి మడి కూడా చిత్తడి నేలే. మన దేశపు 2017 చిత్తడి నేలల నిబంధనల్లో వరి మడి కాదు, నది కాదు, తాగునీటి కోసం, సాగు కోసం తవ్విన చెరువూ కాదు. అంటే మా నాయన జీవితమంతా కాపలా కాసిన చెరువులు ఆ నిబంధనల ప్రకారం చిత్తడి నేలలే కావన్నమాట. ఆయనకు ఈ సంగతి చెప్పలేదు, బీపీ ఉంది.

మేము మాత్రం చార్టులో ఇలా రాశాం. ఏరిలు, మైలాపూరు కోనేరు, బకింగ్‌హామ్ కాలువ మనిషి చేసినవి. పళ్లికరణై, ఒక్కియం మడువు, ముట్టుకాడు బ్యాక్‌వాటర్, అడయారు సముద్రంలో కలిసే చోటు సహజమైనవి. పులికాట్ ఉప్పునీటి సరస్సు ఏరియా బయటిదైనా, సగానికి పైగా మన సూళ్లూరుపేట వైపే ఉంది కదా అని నాయన పట్టుబట్టి రాయించాడు. ప్రతిదాని పక్కనా రెండు గడులు: నీళ్లెక్కడి నుంచి, ఎక్కడికి.

టీచరు ఏరిలను మనిషి చేసిన వాటిలో రాసినందుకు ఇంటు కొట్టి "లేక్ ఈజ్ నేచురల్" అని ఎర్ర పెన్నుతో రాసింది. పదికి ఆరు. పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుదామనుకున్నా, మా ఆవిడ అడగనివ్వలేదు.

నాయన ఇప్పటికీ చెన్నైలో పెద్ద వాన అని టీవీలో చూస్తే ఫోన్ చేస్తాడు. మీరెట్లా ఉన్నారని ముందడగడు. "ఆ వంతెన కింద నీళ్లు పారతా ఉండాయా?" అంటాడు. పోయినసారి ఆఫీసులో ఉన్నా, చూడలేదన్నాను. కోపమొచ్చి ఫోన్ పెట్టేశాడు.