డెకాల్ కింద వెండి మెరుపు: తీసేయక్కర్లేదు

తమ్ముడూ, నీ 1/72 స్కేలు మిగ్-21 విమానం మోడల్ రెక్కల మీద అంటించిన డెకాల్స్‌లో (నీళ్లలో తడిపి అంటించే పల్చటి బొమ్మలు), రౌండెల్స్ అనే గుండ్రటి వాయుసేన గుర్తుల చుట్టూ ఉన్న పారదర్శక పొర వెండిలా మెరుస్తోందని, పీకేయాలా అని అడిగావు. పీకొద్దు. నేరుగా మాట్ (మెరుపు లేని) పెయింట్ మీద అంటించడమే తప్పు. కంటికి నున్నగా కనిపించినా మాట్ పెయింట్ గరుకు కాగితం లాంటిది. ఆ గుంటల్లో చిక్కిన గాలే మెరుస్తోంది.

డెకాల్ పూర్తిగా ఆరాక, కొత్త సన్నసూదితో మెరిసే చోట మాత్రమే దగ్గర దగ్గరగా చుక్కలు పొడువు. మెత్తని బ్రష్‌తో మైక్రో సాల్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) ఒక్క చుక్క పెట్టు. అది సూది రంధ్రాల్లోంచి కిందికి దిగుతుంది, కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది. అప్పుడు కంగారుపడి వేలు పెట్టావా, బయటి కాషాయం వలయం చిరిగి వేలికి వచ్చేస్తుంది. ముట్టుకోకు, ఆరేకొద్దీ అదే సర్దుకుంటుంది. మర్నాడు ఇంకా మెరుపుంటే మళ్లీ అలాగే చెయ్యి. రెండు మూడు సార్లు పట్టొచ్చు. ఈ మైక్రో సాల్‌ను ముందుగా మిగిలిపోయిన డెకాల్ ముక్క మీద పరీక్షించు, కొన్ని కంపెనీల సిరా దీనికి తట్టుకోదు.

తోక మీది జెండా గుర్తు, నంబర్లు ఇంకా అంటించలేదు కదా, ముందు పల్చగా రెండు కోట్లు గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వు. డెకాల్ చుట్టూ ఉన్న పారదర్శక పొరను రంగు అంచుదాకా కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో 15-20 సెకన్లు ముంచు. తడిపిన ఇయర్‌బడ్‌ను మధ్య నుంచి అంచులకు దొర్లించు. మాట్ వార్నిష్ అన్నిటికన్నా చివర, అదీ వాన లేని రోజు. తేమకు తెల్లబడుతుంది.