గేట్‌వేలో సొంత ఫర్మ్‌వేర్ వేయొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. జర్మనీలో ఉండే మా బావగారు వస్తూ వస్తూ అక్కడి లిడ్ల్ సూపర్‌మార్కెట్లో అమ్మే సిల్వర్‌క్రెస్ట్ జిగ్‌బీ గేట్‌వే (స్మార్ట్ బల్బులు, సెన్సార్లతో వైర్లు లేకుండా మాట్లాడే డబ్బా), ఆరు బల్బులు, రెండు డోర్ సెన్సార్లు తెచ్చిచ్చారు. గేట్‌వేకి వైఫై లేదు, రౌటర్‌కి ల్యాన్ వైరుతో తగిలించాలి. నెట్ ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, నెట్ పోతే బయటి గేటు లైటు కూడా ఫోన్లోంచి ఆరదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను ఇంట్లోనే నడిపే ప్రోగ్రాం) పెట్టుకున్నాను. గేట్‌వేలో ఫర్మ్‌వేర్ (దాని లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మారిస్తే దానికి నేరుగా కలుస్తుందని విన్నాను. పాడు చేసుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. చేయొచ్చా?

జవాబు: చేయొచ్చండీ. మీరు అనుకుంటున్నంత పెద్ద మార్పు కూడా అక్కర్లేదు, అది ముందే చెప్పేస్తే సగం భయం పోతుంది.

ఆ డబ్బాలో రెండు చిప్‌లు ఉంటాయి. ఒకటి రియల్‌టెక్ ఆర్‌టీఎల్8196ఈ, దాని మీద చిన్న లినక్స్ నడుస్తుంది, ల్యాన్ పని దానిది. రెండోది సిలికాన్ ల్యాబ్స్ వాళ్ల ఈఎఫ్‌ఆర్32, బల్బులతో, సెన్సార్లతో 2.4 గిగాహెర్ట్జ్‌లో జిగ్‌బీ మాట్లాడేది అదే. ఈ రెంటి మధ్య టుయా అనే స్మార్ట్ పరికరాల కంపెనీ వాళ్ల ప్రోగ్రాం కూర్చుని, ప్రతి కబురూ వాళ్ల సర్వర్‌కి మోస్తూ ఉంటుంది. మనకు అడ్డం ఆ ప్రోగ్రాం ఒక్కటే. లినక్స్‌ని కదిలించకుండా దాన్ని పక్కకు జరిపి, ఆ చోట సీరియల్ గేట్‌వే అనే చిన్న ప్రోగ్రాం పెడితే, జిగ్‌బీ చిప్ చెప్పేది మార్చకుండా ల్యాన్‌లో 8888 పోర్టుకి ఇచ్చేస్తుంది, హోమ్ అసిస్టెంట్‌లో జిగ్‌బీ చూసుకునే జెడ్‌హెచ్‌ఏ అనే భాగం అక్కడి నుంచి అందుకుంటుంది. మొత్తం ఫర్మ్‌వేర్ తుడిచి కొత్తది ఎక్కించే దారులూ ఉన్నాయి కానీ, మొదటిసారి చేసేవాళ్లకు నేను అవి చెప్పను.

లోపలికి వెళ్లడానికి డబ్బా విప్పాలి. విప్పితే వారంటీ పోయినట్టే, అది ఇష్టమైతేనే మొదలుపెట్టండి. బోర్డు అంచున సీరియల్ పిన్నుల (కంప్యూటర్‌తో మాట్లాడే వైర్లు తగిలించేవి) కోసం రంధ్రాల వరస కనిపిస్తుంది. చెయ్యి వణక్కుండా సోల్డర్ చేయగలిగితే మీరే చేయండి, లేకపోతే మొబైల్ రిపేరు షాపులో ఇస్తే చేసిపెడతారు. ఇక కావాల్సింది ఆ పిన్నులను కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపే యూఎస్‌బీ టీటీఎల్ కన్వర్టర్. ఇక్కడ మాత్రం బాగా చూసుకోండి, ఆ కన్వర్టర్ 3.3 వోల్టుల మీద ఉండాలి. కొన్నిటికి 5, 3.3 మధ్య జంపర్ ఉంటుంది, అది 5 మీద మర్చిపోయి తగిలిస్తే చిప్ పోవచ్చు. గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి, ఇటు టీఎక్స్‌ని (పంపేది) అటు ఆర్ఎక్స్‌కి (అందుకునేది), ఆర్ఎక్స్‌ని టీఎక్స్‌కి కలపండి, అంతే, నాలుగో వైరు వద్దు. గేట్‌వేకి కరెంటు దాని 5 వోల్టుల అడాప్టర్ నుంచే రానివ్వండి.

కంప్యూటర్‌లో సీరియల్ వేగం 38400 పెట్టి గేట్‌వే ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కుతూ ఉంటే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాం) ఆగి మీ మాట కోసం చూస్తుంది. అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయంటే వేగం తప్పు పెట్టారన్నమాట. ఒక్కో గేట్‌వే రూట్ పాస్‌వర్డ్ (పూర్తి అధికారంతో లోపలికి వెళ్లేది) ఒక్కోలా ఉంటుంది, ఇంకొకరిది మీకు పనికిరాదు. ఫ్లాష్‌లో (గేట్‌వే మెమరీలో) దాచిన రెండు కీలు బూట్‌లోడర్ నుంచే చదివి, వాటిని డీకోడ్ చేస్తే వచ్చే దాంట్లో చివరి 8 అక్షరాలే మీ పాస్‌వర్డ్. అది దొరికాక సీరియల్ వైర్ల పని అయిపోయినట్టే, ల్యాన్ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్‌తో (ఇంకో కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి), 2333 పోర్టులో లోపలికి వెళ్లొచ్చు.

వెళ్లిన వెంటనే ఏమీ మార్చకండి. ఫ్లాష్‌లోని భాగాలన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి తీసుకోండి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టండి. ఆ కీలు మీ ఒక్క గేట్‌వేకి సంబంధించినవి, పోతే ఎక్కడా దొరకవు. టుయా స్టార్ట్ స్క్రిప్టుని డిలీట్ చేయకుండా పేరు మాత్రం మార్చి ఉంచండి. రేపు వద్దనుకుంటే పాత పేరు పెట్టేస్తే సరి. బూట్‌లోడర్ ఉన్న భాగం మీద మాత్రం ఏదీ రాయొద్దు, అది బతికుంటే మిగతాది ఎంత చెడినా బాగుచేసుకోవచ్చు.

జిగ్‌బీ చిప్‌లో కూడా కొత్త వెర్షన్ వేసుకోవాలని చూస్తారు, అది వేరే పని, వేరే రోజు పెట్టుకోండి. నేను ఎండాకాలం మధ్యాహ్నం ఆ పని చేస్తుండగా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, గోడకున్న గేట్‌వే మాత్రం ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ల్యాన్ పనిచేసింది కానీ జిగ్‌బీ పలకలేదు, గంటన్నర తిప్పలు పడి మళ్లీ ఎక్కిస్తే గానీ రాలేదు, ఆ గంటన్నర నాకు చెమటలు పట్టాయి. కాబట్టి గేట్‌వే, రౌటర్ రెండూ ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే చేయండి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తర్వాత తెలుస్తుంది. కొత్త ఏర్పాటులో నెట్‌వర్క్ కీ కొత్తది కాబట్టి బల్బులు, సెన్సార్లు అన్నీ రీసెట్ చేసి మళ్లీ జత చేయాలి. రౌటర్‌లో గేట్‌వేకి ఐపీ అడ్రసు స్థిరంగా ఉండేలా పెట్టండి, లేదంటే కరెంటు పోయి వచ్చినప్పుడు అడ్రసు మారి హోమ్ అసిస్టెంట్ దాన్ని కనుక్కోలేదు. మీ వైఫై 1వ చానెల్‌లో ఉంటే జిగ్‌బీని 25లో పెట్టుకోండి, రెండూ ఒకదాని మీద ఒకటి పడవు.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో వైఫై స్మార్ట్ సాకెట్లు ఉన్నాయి. వాటిలో టాస్మోటా (ఇలాంటి సాకెట్లకు బయటివాళ్లు ఉచితంగా ఇచ్చే ఫర్మ్‌వేర్) వేద్దామంటే కుదరడం లేదు. ఎందుకు?

జవాబు: పాత సాకెట్లలో ఈఎస్‌పీ8266 చిప్ ఉండేది, టాస్మోటా దానికోసం పుట్టింది. తర్వాత వచ్చినవాటిలో చాలావాటికి బీకే7231 చిప్ వేస్తున్నారు, టాస్మోటా దాని మీద నడవదు. అలాంటిదే ఓపెన్‌బీకెన్ అనే ఫర్మ్‌వేర్ చూడండి, ఈఎస్‌పీహోమ్ అనేది కూడా ఈ చిప్‌కి పనిచేస్తుంది. అయితే పై జవాబులో చెప్పిన గేట్‌వే 5 వోల్టులది, సాకెట్ 230 వోల్టులది. గోడకు పెట్టి ఉండగా సీరియల్ వైర్లు కలిపితే ఆ కరెంటు నేరుగా మీ ల్యాప్‌టాప్‌లోకి, మీ చేతిలోకి వస్తుంది. సాకెట్‌ని గోడ నుంచి పూర్తిగా పీకేసి, కన్వర్టర్ ఇచ్చే 3.3 వోల్టుల మీదే ప్రోగ్రాం ఎక్కించి, మూత బిగించాకే మళ్లీ గోడకు పెట్టండి.