చిన్న హార్బర్‌లో ఆయిల్ తెట్టు తీయడానికి ఏ సామాను కొనాలి?

మీరు అడిగింది ఇది: పడవల డీజిల్ తరచూ ఒలికే ఫిషింగ్ జెట్టీ, దాని పక్కనే వచ్చి కలిసే 20 మీటర్ల వెడల్పు కాలువ. నీటిపై తేలే ఆయిల్‌ను తోడే యంత్రం, అంటే స్కిమ్మర్, గంటకు 10 ఘనపు మీటర్లు తోడేది ఒకటి కొంటే సరిపోతుందా అని. చాలదు. ఇలాంటి చోట్ల నేను చూసినంతలో స్కిమ్మర్ చెడి పని ఆగడం తక్కువ. బూమ్ (నీటిపై తేలుతూ ఆయిల్‌ను ఆపే పొడవాటి అడ్డుకట్ట) కిందనుంచి ఆయిల్ జారిపోవడం, తోడింది పోయడానికి ట్యాంకు లేకపోవడం, ఈ రెండింటి వల్లే ఎక్కువగా ఆగుతుంది.

ముందు నీటి వడి కొలవండి. సగం నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాను కాలువలో వదిలి, 10 మీటర్లు ఎన్ని సెకన్లలో పోతుందో చూడండి. 28 సెకన్లలోపే పోతే వడి సెకనుకు 0.35 మీటర్లు దాటినట్టే. ఆపైన ప్రవాహానికి నేరుగా అడ్డం కట్టిన బూమ్ ఆయిల్‌ను ఆపలేదు. తెట్టు బొట్లుగా విడిపోయి స్కర్ట్ (బూమ్ కింద నీటిలో వేలాడే తెర) కిందుగా అవతలికి పోతుంది. ఇంకా లోతైన స్కర్ట్ కొంటే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. లోతు తక్కువ కాలువలో దానివల్ల చెరుపే ఎక్కువ, ఎందుకంటే అడుగున మిగిలిన సందులో నీరు మరింత జోరుగా లాగుతుంది.

బూమ్‌ను ఏటవాలుగా కట్టాలి. వడి 0.7 మీటర్లుంటే గట్టుతో 30 డిగ్రీల కోణం, అంటే మీ కాలువకు కనీసం 40 మీటర్ల బూమ్. వడి 1 మీటరైతే 20 డిగ్రీలు, దాదాపు 60 మీటర్లు. ఆయిల్ బూమ్ వెంబడే జారి దిగువ మూలలో చేరుతుంది. స్కిమ్మర్ దించాల్సింది అక్కడే.

తాళ్లు, లంగర్ల దగ్గర పొదుపు చేయొద్దు. స్కర్ట్ వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని, వడి వర్గంతోనూ 100తోనూ గుణిస్తే బూమ్‌పై పడే లాగుడు సుమారుగా కిలోల్లో వస్తుంది. 0.3 మీటర్ల స్కర్ట్ ఉన్న 100 మీటర్ల బూమ్ 0.35 వడికి అడ్డంగా ఉంటే దాదాపు 370 కిలోలు. వడి రెట్టింపైతే అది నాలుగింతలై 1,470 అవుతుంది. లంగరు తాడు నీటి లోతుకు కనీసం ఐదింతలుండాలి, లంగరు దగ్గర కొంత గొలుసు కలపాలి. పొట్టి తాడైతే లంగరు పట్టు వదిలేస్తుంది.

జెట్టీ గోడ దగ్గర బూమ్ చివరను కొక్కేనికి బిగించి వదిలేయకండి. ఆటుకు నీరు దిగగానే ఆ చివర గాల్లో వేలాడి సందు పడుతుంది, రాత్రిపూట ఎవరూ గమనించరు. గోడకు నిలువు పట్టాలు బిగించి, నీటితోపాటు పైకీ కిందికీ జారే ఫ్లోట్‌కు బూమ్ తగిలించాలి.

స్కిమ్మర్ విషయానికొస్తే డీజిల్‌కు డిస్క్ లేదా డ్రమ్ రకం (తిరిగే పళ్లేలకో పీపాకో ఆయిల్ అంటుకునేది) మంచిది, నీటిని తక్కువ లాగుతుంది. వియర్ రకం (ఆయిల్ అంచు మీదుగా పొర్లి లోపల పడేది) చవకే గానీ, తెట్టు పలచగా ఉంటే తోడేది ఎక్కువగా నీళ్లే. దానికి రెక్కలు వేగంగా తిప్పి తోడే సెంట్రిఫ్యూగల్ పంపు తగిలిస్తే నీటినీ ఆయిల్‌నూ చిలికి కలిపేస్తుంది, తర్వాత విడదీయడం కష్టం. పొర ముందుకూ వెనక్కూ కదిలి తోడే డయాఫ్రమ్ పంపు వాడండి. గుర్రపుడెక్క వచ్చే కాలువైతే ఎగువన చెత్తను ఆపే జాలీ కట్టనిదే ఏ స్కిమ్మరూ పనిచేయదు. గట్టి ఫర్నేస్ ఆయిల్‌కు బ్రష్ రకం కావాలి. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొన్నప్పుడు తీరానికి కొట్టుకొచ్చిన జిగట ఆయిల్‌ను మనుషులు బకెట్లతో ఎత్తాల్సి వచ్చింది.

కంపెనీ చెప్పిన సామర్థ్యంలో ఐదో వంతే దక్కుతుందని లెక్కేసుకోండి. ట్యాంకును మాత్రం పూర్తి సామర్థ్యానికి చూసుకోవాలి: గంటకు 10 ఘనపు మీటర్లంటే 200 లీటర్ల డ్రమ్ములు 50. అడుగున వాల్వ్ ఉన్న ట్యాంకైతే, కిందికి తేరుకున్న నీటిని అనుమతి తీసుకుని బూమ్ లోపలికే వదలొచ్చు.

ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపించే పలచని పొరను స్కిమ్మర్ తీయలేదు. దానికి ఆయిల్‌ను పీల్చుకునే పాలీప్రొపిలీన్ సార్బెంట్ బూమ్‌లే. అవి లేనిచోట వలసంచుల్లో నింపిన బూరుగుదూది బాగా పీలుస్తుంది. రంపపుపొట్టు చల్లొద్దు, ఏరలేరు. సబ్బునీళ్లూ పోయొద్దు. ఆయిల్ కంటికి కనపడకుండా నీటిలో కలిసి చేపలకు చేటు చేస్తుంది, పైగా డిస్కుకు అంటుకోదు. డిస్పర్సెంట్‌కు (ఆయిల్‌ను బొట్లుగా విడగొట్టి నీటిలో కలిపే రసాయనం) కోస్ట్ గార్డ్ అనుమతి కావాలి, లోతులేని హార్బర్‌లో అడగనే వద్దు.

పెట్రోల్ ఒలికితే మాత్రం పైన చెప్పిందేదీ చేయకండి. బూమ్‌తో చుడితే ఆవిరి ఒకచోట పోగై నిప్పంటుకోవచ్చు. ఇంజన్లు, పొయ్యిలు ఆపించి, జనాన్ని గాలి వచ్చే వైపుకు దూరంగా పంపి, 101కి ఫోన్ చేయండి.