షుగర్, బీపీ ఉన్నవాళ్లు అంగస్తంభన మాత్ర వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: వయసు 46, షుగర్‌కీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు, ఏడాదిగా అంగం సరిగా గట్టిపడటం లేదు. స్నేహితుడు సిల్డెనాఫిల్ 100 ఎంజీ షీటు చేతిలో పెట్టి, సగం విరిచి వేసుకోమన్నాడు. వేసుకోవచ్చా, గుండెకేమైనా అవుతుందా, అలవాటైపోతుందా అని మీ అనుమానం.

సగం కాదు కదా, పావు ముక్క కూడా ఇప్పుడే వద్దు. మాత్ర చెడ్డదని కాదు. నాకు 55 దాటాయి, షుగర్ ఉంది, ఇదే కోవలోని టడాలాఫిల్ డాక్టరు రాసిచ్చినట్టే వాడుతున్నాను. బాగానే పనిచేస్తోంది. నేను చూసినంతలో దీని వల్ల వచ్చే పెద్ద ప్రమాదాలన్నీ ఎవరికీ చెప్పకుండా వేసుకోవడం దగ్గరే మొదలవుతాయి.

ఎందుకో చెప్తాను. ఈ మందులు రక్తనాళాలను వదులు చేస్తాయి. అంగంలోకి రక్తం బాగా చేరేది అందుకే. ఒంట్లో మిగతా చోట్ల కూడా నాళాలు కొంచెం వదులై బీపీ కాస్త తగ్గుతుంది. చాలామందికి అది ఇబ్బంది కాదు. కానీ గుండెనొప్పికి వాడే నైట్రేట్ మందులు చేసేదీ ఆ పనే. రెండూ ఒకేసారి ఒంట్లో ఉంటే బీపీ ధబాలున పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర ఛాతీలో నొప్పి అనగానే ఇంట్లో వాళ్లో పక్కింటాయనో సార్బిట్రేట్ తీసి నాలుక కింద పెట్టేస్తారు. అది నైట్రేటే. రాత్రి గుట్టుగా మాత్ర వేసుకున్న మనిషికి తెల్లవారుజామున నొప్పి వస్తే, ఆ సంగతి అక్కడ ఎవరికి తెలుసు? సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టడాలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ జోలికి పోకూడదు. నికోరాండిల్ అనే గుండె మాత్రకూ ఇదే జాగ్రత్త. 108 వాళ్లు వచ్చినా, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగినా ముందు చెప్పాల్సిన మాట ఇదే: ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేసుకున్నారు. రోజూ నైట్రేట్ వాడే గుండె రోగులైతే ఈ మాత్రలు అసలు ముట్టుకోకూడదు. విచిత్రం ఏంటంటే సిల్డెనాఫిల్‌ని మొదట పరిశోధించింది గుండెనొప్పి కోసమే. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం ఈ సమస్యకు.

అందుకే మా ఆవిడకు మొదటినుంచీ తెలుసు. ఏ డబ్బాలో ఉంటాయో, ఏ రోజు వేసుకున్నానో కూడా తెలుసు.

డాక్టరు దగ్గరికి వెళ్తే చీటీ రాసిచ్చి పంపేస్తారు, అంతేగా అనుకుంటారు చాలామంది. నేను వెళ్లిన యూరాలజిస్టు మాత్ర పేరెత్తకముందే, "రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలరా? ఆయాసం గానీ ఛాతీలో పట్టేసినట్టు గానీ ఉంటుందా?" అని అడిగారు. తర్వాత నా మందుల కవరు టేబుల్ మీద బోర్లించమని ఒక్కొక్క షీటూ తిప్పి చూశారు. అందులో టామ్సులోసిన్ కనిపించింది. మూత్రం ధార సరిగా రావడానికి ప్రోస్టేట్‌కి ఇచ్చే మందు అది. దానికి ఇది తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చని, అందుకే తక్కువ డోసుతో మొదలుపెడుతున్నానని చెప్పారు. మీ స్నేహితుడికి మీ కవరులో ఏముందో తెలుసా? ఫంగస్‌కి వాడే కీటోకొనజోల్, హెచ్‌ఐవీకి వాడే కొన్ని మందులు కూడా ఈ మాత్ర ప్రభావాన్ని బాగా పెంచేస్తాయి.

ఈసీజీ, కొలెస్టరాల్, మూడు నెలల షుగర్, పొద్దున్నే తీసే టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించారు. ఇవన్నీ డబ్బులకేనని విసుక్కోకండి. అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి. సన్న పైపులో పాచి ముందు పేరుకున్నట్టు, కొవ్వు పేరుకుంటే ఆ ప్రభావం మొదట ఇక్కడే కనిపించవచ్చు. షుగర్ ఉన్న మనిషికి 46 ఏళ్లకే ఈ ఇబ్బంది మొదలైందంటే గుండెను ఒకసారి చూపించుకోవడానికి అదే మంచి కారణం.

ఇక వాడకం. సిల్డెనాఫిల్ మామూలుగా 50 ఎంజీతో మొదలుపెడతారు, 65 దాటినవాళ్లకు 25తో. 100 అనేది గరిష్ఠం. మీ షీటు మొదలే చివరి మెట్టు మీద ఉంది. గంట ముందు వేసుకోవాలి, ప్రభావం నాలుగైదు గంటలు. దమ్ బిర్యానీ కడుపునిండా తిని వేసుకుంటే ఆలస్యమవుతుంది. అప్పుడే "పనిచేయలేదు" అని ఇంకోటి మింగుతారు. అది చేయకూడదు, 24 గంటల్లో ఒక్కసారే. టడాలాఫిల్‌కి తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. ఏ మాత్రా స్విచ్ వేసినట్టు పనిచేయదు, కోరిక, స్పర్శ ఉండాల్సిందే. మొదటిసారి టెన్షన్‌లో ఫలితం లేకపోతే మందును తిట్టుకోకుండా వేరే రోజు ప్రయత్నించండి. మద్యం తాగిన రాత్రి ఈ మాత్ర వద్దు. బీపీ ఇంకా తగ్గుతుంది, పైగా అసలు పనికీ అడ్డమే.

తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, గుండెల్లో మంట మామూలే. టడాలాఫిల్‌కి నాకు మర్నాడు నడుం పట్టేసినట్టు ఉంటుంది, అదే తగ్గిపోతుంది. కానీ అంగం నాలుగు గంటలు దాటినా గట్టిగానే ఉంటే సిగ్గుపడుతూ ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకపోతే శాశ్వతంగా దెబ్బతింటుంది. ఉన్నట్టుండి ఒక కన్ను కనబడకపోయినా, చెవి వినబడకపోయినా అంతే.

ఇది చీటీ మీదే అమ్మాల్సిన మందు. అయినా కొన్ని షాపుల్లో షీటు నుంచి ఒక్క మాత్ర కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. పేరు, ఎంజీ, ఎక్స్‌పైరీ తేదీ మిగిలిన ముక్క మీద ఉండిపోతాయి. అలాంటిది తీసుకోకండి. సిల్డెనాఫిల్‌తో పాటు శీఘ్రస్ఖలనానికి వాడే డాపాక్సిటిన్ కలిపిన మాత్రలు కూడా ఉంటాయి, షీటు చూడకపోతే ఏది మింగుతున్నారో మీకే తెలియదు. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత" అని రాసి అమ్మే పొడులు, ఆన్‌లైన్ మూలికల గుళికలు అంతకంటే నయమనుకోవద్దు. మూలికలే అని అమ్మిన సరుకులో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అమెరికాలో మందులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు బయటపెట్టింది.

అలవాటు సంగతి. మానేస్తే ఒళ్లు వణికే రకం కాదు ఇది. ఏ జబ్బూ లేని కుర్రాళ్లు ధైర్యం కోసం వేసుకుని, లేకపోతే మన వల్ల కాదని మనసులో నాటుకుంటున్నారు, అది వేరే గొడవ. షుగర్ అదుపులోకి వచ్చి, సిగరెట్ మానేసి, కాస్త నడక పెరిగితే కొందరికి మాత్ర అవసరమే తగ్గుతుంది. కొన్ని బీపీ మందుల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. మీ డాక్టరును అడిగి మార్పించుకోవచ్చు, సొంతంగా మాత్రం ఆపకండి.

యూరాలజిస్టు దాకా వెళ్లడం మొహమాటమైతే మీ షుగర్ డాక్టరుకే చెప్పండి, ఆయనకిది రోజూ వినే మాటే. నోరు రాకపోతే నాలుగు ముక్కలు కాగితం మీద రాసి, వాడుతున్న మందుల షీట్లన్నిటితో కలిపి ఆయన ముందు పెట్టండి.