మడత కత్తి, మామిడికాయ

ప్రశ్న: రాత్రి ఎనుమాముల మార్కెట్ నుంచి ఒక్కణ్నే ఇంటికొస్తా. ధైర్యానికని మడత కత్తి కొన్న. మిర్చి బస్తాల సుతిలి, మామిడికాయ దానితోనే కోస్తున్న. పాడైతదా?
– ఓ హమాలీ, వరంగల్

జవాబు: సుతిలికి ఢోకా లేదు తమ్మీ. దాన్ల ఉండే మట్టే పదును తింటది, అప్పుడప్పుడు సానరాయి మీద రుద్దు. మామిడికాయ సంగతి వేరు. పులుపు రసం కీలులకు దిగితే తుప్పు పడతది, కత్తి తెరుసుకున్నంక మడతపడకుండ ఆపే తాళం గట్టిగ పడదు. నేను గట్లనే తొక్కుకు కాయ కోస్తుంటే టెంక తగిలి కత్తి మడతపడ్డది. చూపుడువేలుకు 3 కుట్లు! మా ఇంటామె ఇంకా నవ్వుతది. కాయకు కత్తిపీటే. వాడినంక కడిగి, ఆరినంక కీలుల చుక్క కుట్టుమిషన్ నూనె ఎయ్యి. ధైర్యానికైతే టార్చిలైటు కొనుక్కో, దారన్న కనపడతది.