బడిలో ఏడిపిస్తున్నారు... బాబు నోరు విప్పడు

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. చాలా సిగ్గరి. స్కూలు ఆటోలో ముగ్గురు పిల్లలు వంకర పేరు పెట్టి పిలుస్తారు, బ్యాగు లాక్కుంటారు. ‘నువ్వూ తిరిగి కొట్టు’ అంటారు వాళ్ల నాన్న. ఈ మధ్య పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: ముందు ఆ ‘కొట్టు’ అనే మాట మాన్పించండమ్మా. ముగ్గురి మీద ఒక్కడు చెయ్యెత్తితే దెబ్బలూ వాడికే, తిట్లూ వాడికే. ఆపైన ఇంట్లో చెప్పడమే మానేస్తాడు. కడుపునొప్పి నాటకం కాదు, భయానికి నిజంగానే వస్తుంది. సెలవురోజుల్లోనూ వస్తుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు – ఒక నోటుబుక్కులో రాయండి. నాలుగైదు సంఘటనలు కాగానే క్లాస్ టీచరుకు కాగితం మీద ఇవ్వండి. కదలిక లేకపోతే హెడ్మాస్టరుకు. అవతలి తల్లిదండ్రుల ఇంటికి నేరుగా వెళ్లకండి, పెద్దల తగాదాగా మారి బాబు ఇంకా నలుగుతాడు. ఆటోడ్రైవరుతో మాట్లాడి వాడి సీటు మార్పించండి. ఎక్కడా పని జరగకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు ఒక్క వాక్యం సాధన చేయించండి: ‘నా బ్యాగు ఇటివ్వు.’ నిటారుగా నిలబడాలి, కళ్లలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడాలి, చెప్పేసి పెద్దవాళ్లున్న చోటికి నడవాలి. పొడుగు జవాబులు నేర్పితే మధ్యలో గొంతు వణుకుతుంది, వాళ్లకు కావలసింది అదే.

స్నేహితుడు ఒక్కడు చాలు. క్లాసులో నెమ్మదస్తుడెవరో టీచర్ని అడిగి, ఆదివారం గంటన్నర ఇంటికి పిలవండి. ఎదురెదురుగా కూర్చోబెడితే మాటలు రావు. క్యారమ్స్, సైకిల్ తుడవడం, ఏదో ఒకటి చేతికి పని ఉండాలి. ఆట రంజుగా ఉండగానే ముగించండి, మళ్లీ రావాలనిపిస్తుంది.

తిరుపతిలో ఉన్నందుకు మీకో మంచి వీలుంది. దర్శనానికి చుట్టాలు వస్తూనే ఉంటారు కదా! ‘ఏరా, మాట్లాడవా?’ అని అందరి ముందూ అడగొద్దని వాళ్లకు ముందే చెప్పండి. మేనమామతో పాటు వాడినీ అలిపిరి దాకా పంపండి. లగేజీ ఎక్కడ ఇవ్వాలో, పైన ఎక్కడ తీసుకోవాలో, మెట్లు 3,550 అనీ వాడే చెప్పాలి. తనకు తెలిసినది, అవతలివాళ్లకు తెలియనిది చెప్పేటప్పుడు సిగ్గరి పిల్లలకూ గొంతు పెగులుతుంది. మేనమామ మధ్యలో అందుకుని చెప్పేయకూడదు, వాడు తడబడినా ఆగాలి.

నిద్ర, తిండి తగ్గినా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వచ్చినా ఆలస్యం చేయకండి. రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. రాత్రివేళైతే వాడిని ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.