ఠాకురాణి యాత్రలో వీఆర్ స్టాల్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది బరంపురం. బడాబజారులో నాన్నకు చీరల కొట్టుంది. వచ్చే ఠాకురాణి యాత్రలో (మా ఊరి అమ్మవారి జాతర) రెండు వీఆర్ హెడ్‌సెట్లు (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు తగిలించుకుంటే వేరే లోకంలో ఉన్నట్టు చూపించే తెరలు) పెట్టి, మనిషికింత అని తీసుకుని చూపిద్దామనుకుంటున్నాను. "3డీ టీవీలకు పట్టిన గతే దీనికీ. డబ్బు తగలెయ్యకు" అంటున్నారు నాన్న. ఇంతకీ వీఆర్ నిలబడుతుందా?

జవాబు: ఇంటి సంగతైతే మీ నాన్నగారి మాటే నా మాట. వీఆర్ 'ఇదిగో వచ్చేస్తోంది' అనడం పాత పాటే. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఇవాన్ సదర్లాండ్ చేసిన, తలకు తగిలించుకునే తెర ఎంత బరువంటే, దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. 1995లో వీడియోగేముల కంపెనీ నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్ ఏడాది తిరక్కుండానే అటకెక్కింది. 2014లో ఫేస్‌బుక్ సుమారు 200 కోట్ల డాలర్లకు వీఆర్ హెడ్‌సెట్ల కంపెనీ ఆక్యులస్‌ను కొన్నది. 2024లో ఆపిల్ 3,499 డాలర్ల విజన్ ప్రో హెడ్‌సెట్ తెచ్చింది. ఇంత పోశాక కూడా మీ వీధిలో ఎన్ని ఇళ్లలో ఉంది?

మా ఇంట్లో ఉంది, బీరువా పైన! మొదటి వారం చుట్టాలందరికీ తగిలించి చూపించాను, అంతే. మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) వారి క్వెస్ట్ 3 హెడ్‌సెట్ బరువే 515 గ్రాములు. పైగా కళ్లు 'పరిగెడుతున్నాం' అంటుంటే చెవి లోపలి బ్యాలెన్స్ భాగం 'కుర్చీలోనే ఉన్నాం' అంటుంది. ఆ తగువులోంచే తలతిప్పు, వికారం. సర్జన్ల సాధనకు, వెల్డింగ్ శిక్షణకు మాత్రం వీఆర్ పోదు, ఎందుకంటే అక్కడ పని ఉంది.

ఇక మీ స్టాల్. ఇంట్లో వీఆర్‌ను చంపేది రెండోసారి పెట్టుకోకపోవడం. యాత్రలో ఆ బాధ లేదు. పులి వేషాలు చూడ్డానికొచ్చిన జనంలో చాలామందికి అదే మొదటిసారి, అయిదు నిమిషాల్లో దిగిపోతారు. పైగా యాత్ర రెండేళ్లకోసారి. కాబట్టి పెట్టండి, కానీ రెండు వద్దు. ఒకటే, అదీ సెకండ్‌హ్యాండ్‌ది.

జాతరలో అసలు చిక్కు సీరియల్ బల్బులు. హెడ్‌సెట్ కెమెరాలు మీ చేతిలోని కంట్రోలర్లను వాటి మీద వెలిగే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి చుక్కల్ని బట్టే పోల్చుకుంటాయి. చుట్టూ చిన్న దీపాల తోరణాలుంటే వాటినే కంట్రోలరనుకుని బొమ్మలో చెయ్యి ఎటో ఎగిరిపోతుంది. మూడు వైపులా గుడ్డ కట్టి, లోపల ఒక్క మామూలు ట్యూబ్‌లైటు వెయ్యండి. మరీ చీకటైనా పనిచెయ్యదు. పగలు లెన్సుల్ని ఎండ వైపు తిప్పి పెట్టొద్దు, భూతద్దంలా లోపలి తెరను కాల్చేస్తాయి. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి చూసే వీడియోలే ఎంచుకోండి, రోలర్‌కోస్టర్ జోలికి వెళ్లకండి, శుభ్రం చేసుకోవాల్సింది మీరే! చైత్రం ఎండలు, చెమటలు. సిలికాన్ ముఖ కవరు వేసి మనిషి మనిషికీ తుడవండి. బ్యాటరీ రెండు గంటలకు మించి నమ్మొద్దు, పవర్‌బ్యాంకు ఉండాలి. ఇంటి వాడకానికి కొన్న యాప్‌ను డబ్బులు తీసుకుని చూపించే హక్కు ఉందో లేదో లైసెన్సులో చదవండి. పదేళ్లలోపు పిల్లలకు పెట్టకండి, మెటా పెట్టిన వయసు హద్దే అది.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): ఫోను దూర్చే అట్టపెట్టె వీఆర్ ఇప్పుడు కొనొచ్చా?

జవాబు: గూగుల్ తన కార్డ్‌బోర్డ్ అమ్మకాన్ని 2021లోనే ఆపేసింది. ఫోన్లో జైరోస్కోప్ (ఫోను ఎటు తిరిగిందో పసిగట్టే భాగం) ఉంటే, తల తిప్పి చుట్టూ చూడగలిగే యూట్యూబ్ 360 వీడియోలకు పనికొస్తుంది. వంద రూపాయలకు మించి పెట్టకండి.